తిరుమల ఘాట్ రోడ్లు: డ్రైవర్ల శిక్షణ, ప్రమాదాల నివారణ

భద్రతా శిక్షణ డ్రైవరు నడతను ఎంతవరకు మారుస్తుందో తిరుమల ఘాట్ రోడ్లలో స్పష్టంగా కనిపిస్తుంది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు కొండ దిగేవారికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కేవారికి. ఎదురు వాహనాల బెడద లేకపోయినా దిగేటప్పుడే ముప్పు ఎక్కువ. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో వదిలేసి బ్రేకు మీదే కాలు ఉంచితే లైనింగులు వేడెక్కుతాయి, తీరా మలుపులో బ్రేకు పట్టదు. మైదానంలో ఏళ్ల తరబడి నడిపినవారికీ ఇది తెలియకపోవచ్చు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పాల్సిందే.

అయితే ఉపన్యాసాలతో పని జరగదు. లైసెన్సు వచ్చాక ఇచ్చే శిక్షణపై జరిగిన ప్రయోగాలను పరిశీలించిన కొక్రేన్ (పరిశోధనలను క్రోడీకరించే సంస్థ) సమీక్షకు, ఆ శిక్షణవల్ల ప్రమాదాలు తగ్గినట్లు ఆధారం దొరకలేదు. పాఠానికి తోడు నిఘా కావాలి. తిరుమలలో ఆ పని టోల్‌గేటు చేస్తుంది: ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని నియమం, బయలుదేరిన వేళ నమోదవుతుంది.

ఈ ప్రాంతంలోని మిగతా ఘాట్లకు ఇలాంటి కట్టడి లేదు. 2022 మార్చి 26 రాత్రి ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న ప్రైవేటు బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడి పలువురు చనిపోయారు. 2024 సెప్టెంబరులో చిత్తూరు–బెంగళూరు దారిలోని మొగిలి ఘాట్ ఆర్టీసీ బస్సు ప్రయాణికులను బలిగొంది. ట్రాకు మీద జరిగే లైసెన్సు పరీక్షలో మాత్రం మైళ్ల పొడవునా ఘాట్ దిగడం అనే అంశమే లేదు.