సమ్మక్క అని పేరు పెట్టిన ఇండ్లు

భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల్లో ఏ ఊరికి పోయినా, పంచాయతీ ఆఫీసు గోడకు ఓటర్ల జాబితా అంటించి ఉంటే కాసేపు నిలబడి ఆడవాళ్ల పేర్లు చదవండి. అరవై దాటినవాళ్లలో సమ్మక్క, సారక్క, సారమ్మ, నాగులమ్మ అని కనిపిస్తుంటారు. నలభై ఏండ్లవాళ్ల దగ్గరికి వచ్చేసరికి అక్కడొకరు, ఇక్కడొకరు. ఇరవై ఏండ్ల ఆడపిల్లల్లో ఆ పేరు కోసం వేలు పెట్టి వెతకాలి. అదే ఇంట్లో నాయనమ్మ సమ్మక్క, కోడలు స్వరూప, మనవరాలు సహస్ర. మూడు తరాలు, మూడు పేర్లు. మన జాతర మాత్రం ఏటికేడు పెరుగుతూనే ఉంది.

ఈ పేరు ఎక్కడ పుట్టిందో మీకు తెలుసు కాబట్టి కథంతా మళ్లీ చెప్పను. పొలవాసను ఏలిన మేడరాజు వేటకు పోయినప్పుడు, అడవిలో పులుల నడుమ ఆడుకుంటున్న పసిపాప దొరికిందనీ, ఆమెను గూడేనికి తెచ్చి సమ్మక్క అని పేరు పెట్టి పెంచారనీ పెద్దలు చెబుతారు. మేడారాన్ని ఏలిన పగిడిద్దరాజుతో పెండ్లి అయింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పిల్లలు. కరువు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ ప్రతాపరుద్రుని సేన మీద పడింది. సంపెంగవాగు దగ్గర పోరు జరిగింది. కొడుకు దూకిన వాగు జంపన్నవాగయింది. గాయాలతో చిలకలగుట్ట వైపు నడిచిన తల్లి మళ్లీ కనబడలేదు, కుంకుమభరిణె ఒక్కటే దొరికింది. డోలి కళాకారులు పడిగె పట్టి పాడేటప్పుడు ఇదే కథలో వంశం, గట్టు, కొలుపు ముందుకొస్తాయి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు ఈ కథాగానం నోటికి వచ్చు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు, 2024లో కాలం చేశారు. ఆయన పోయాక ఆ పాట ఎన్ని గొంతుల్లో మిగిలిందని అడిగితే మనం తల దించుకోవాల్సిందే.

మేడారంలో విగ్రహం లేదు. గద్దె ఉంది, వెదురు ఉంది, కుంకుమభరిణె ఉంది. దేవత ముఖం ఇలా ఉంటుందని చూపించడానికి మనవాళ్లు ఏమీ చెక్కలేదు. చూడటానికి రూపం లేని తల్లిని పిలవడానికి పేరే ఆధారం. అందుకేనేమో మన దగ్గర ఆ పేరు ఇంటింటికీ నడిచింది.

ఆ పేరులో 'అక్క' ఉండటం కూడా గమనించాలి. చుట్టుపక్కల ఊళ్ల దేవతలు పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ. అందరూ అమ్మలే. ఈమె ముగ్గురు పిల్లల తల్లి, దొరసాని, అయినా అక్కగానే నిలిచింది. సారలమ్మను కూడా చాలామంది సారక్క అనే అంటారు. అమ్మ దగ్గర భయం, భక్తి ఉంటాయి. అక్క దగ్గర అలక కూడా చెల్లుతుంది. జాతరలో గద్దెల ముందు నిలబడి, 'నా బిడ్డను ఎందుకు పట్టించుకోవు' అని తల్లితో గట్టిగా కొట్లాడే ఆడవాళ్లను మీరూ చూసే ఉంటారు.

పేరు గూడెం దాటి వ్యాపించింది మొక్కు దారిలోనే. పిల్లలు లేనివాళ్లు, పుట్టిన పిల్లలు దక్కనివాళ్లు మేడారం మొక్కుకునేవారు. 'ఆడపిల్ల పుడితే నీ పేరు పెట్టుకుంటం, మొగపిల్లగాడు పుట్టినా నీ పేరే పెట్టుకుంటం' అని. జాతర రెండేండ్లకొకసారి మాఘ పున్నానికి వస్తుంది కాబట్టి, మొక్కు తీర్చే నాటికి బిడ్డ చంకలోనో, తప్పటడుగుల్లోనో ఉండేది. జంపన్నవాగులో స్నానం, పుట్టువెంట్రుకలు, ఒడిబియ్యం, ఎదురుకోళ్లు, బిడ్డ ఎత్తు తూగే బంగారం. బంగారం అంటే బెల్లమని మనకు చెప్పక్కర్లేదు గానీ, పట్నంలో చదివే మీ స్నేహితులకు చెప్పాల్సి వస్తుంది. పాత మనుషుల వయసు లెక్క కూడా జాతరతోనే సాగేది. 'ఆ జాతరకు ఇది పాలు తాగుతుండె' అంటే పుట్టిన ఏడాది తేలిపోయేది.

మొక్కుకు కులం లేదు. అందుకే సమ్మక్క పేరు కోయ ఇండ్లలోనే ఉండిపోలేదు. గొల్ల ఇంట్లో, మాదిగ ఇంట్లో, సాలె ఇంట్లో సమ్మక్కలు ఉన్నారు. మగపిల్లలు సమ్మయ్యలు, సారయ్యలు అయ్యారు. రెడ్ల ఇండ్లలో సమ్మిరెడ్డి అయింది. పోచమ్మ నుంచి పోచయ్య, ఎల్లమ్మ నుంచి ఎల్లయ్య వచ్చినట్టే ఇదీ వచ్చింది. ఆడదేవత పేరును మగవాడికి పెట్టుకోవడానికి తెలంగాణ పల్లె ఎన్నడూ సిగ్గుపడలేదు. కోయ ఆడబిడ్డ పేరును ఊళ్లోని పెద్ద కులాలు తమ కొడుకులకు పెట్టుకున్నాయంటే, మన చరిత్ర రాసేటప్పుడు దాన్ని చిన్న మాటగా వదిలేయకూడదు.

జనగామ వైపు ఈ పద్ధతికి నేల ముందే తయారై ఉంది. అక్కడ కొమురవెల్లి మల్లన్న పేరు మీద కొమురయ్యలు, ఐలోని మల్లన్న పేరు మీద ఐలయ్యలు, ఐలమ్మలు ఉన్నారు. 1946 జులై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమురయ్య, పాలకుర్తిలో భూమి కోసం నిలబడ్డ చాకలి ఐలమ్మ అలాంటి పేర్లవాళ్లే. ఎడ్లబండ్లు కట్టుకుని మేడారం వచ్చిపోయిన ఇండ్లలో ఆ వరుసలోకే సమ్మక్క కూడా చేరింది.

మహబూబాబాద్‌తో మనది వియ్యం. పగిడిద్దరాజు గంగారం మండలం పూనుగొండ్ల నుంచి రావాలి. పెనక వంశం పూజారులు అడవి దారిన కాలినడకన తీసుకొస్తారు. సారలమ్మ కన్నెపల్లి నుంచి, అల్లుడు గోవిందరాజు కొండాయి నుంచి వస్తారు. మరునాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగేటప్పుడు పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేలుస్తాడు. ఆ జిల్లాలోనే కొత్తగూడ మండలం గుంజేడులో ముసలమ్మ జాతర జరుగుతుంది. ఆ చుట్టుపక్కల నిన్నగాక మొన్న పుట్టిన పసిదాన్ని ముసలమ్మ అని పిలవడం వింటే కొత్తవాళ్లకు నవ్వొస్తుంది. మొక్కు సంగతి తెలిసినవాళ్లు నవ్వరు.

మేడారం 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలో ఉంది. మూడేండ్లు తిరగకముందే తల్లి చిరునామా రెండుసార్లు మారింది. పేరు మాత్రం సర్కారు కాగితాల్లో పెద్దదవుతూ పోయింది. 1996లో జాతర రాష్ట్ర పండుగయింది. 2020లో గోదావరి మీద తుపాకులగూడెం బ్యారేజీకి సమ్మక్క పేరు పెట్టారు. 2014 విభజన చట్టంలో మాట ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయానికి, 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టంతో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమని పేరు ఖాయమైంది. బ్యారేజీకి తగిన పేరు, యూనివర్సిటీకి తగిన పేరు, ఆడపిల్లకు మాత్రం ఎందుకు తగనిదయింది?

మా ఇంటి సంగతే చెబుతాను. మా చిన్నమ్మ మొక్కు బిడ్డ. పేరు సమ్మక్క. ఆరో తరగతికి బయటి ఊరి బడిలో చేర్చినప్పుడు హాజరు పిలిచిన ప్రతిసారీ వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు పూనకం వచ్చినట్టు ఊగేవారట. క్లాసంతా నవ్వేది, సారూ నవ్వేవాడు. పదో తరగతి ఫారం నింపే రోజున తనే సుమలత అని రాయించుకుంది. ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ బెంచీల మధ్య కూర్చున్నది ఆమె, నేను కాదు. కానీ ఆ నవ్వినవాళ్ల ఇండ్ల నుంచి కూడా ప్రతి జాతరకు బెల్లం మేడారం వస్తుందన్న సంగతి నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

మన పక్క తండాల్లోనూ ఇదే జరిగింది. సోమవారం పుడితే సోమ్లి, మంగళవారం పుడితే మంగ్లి అని పెట్టే పేర్లు బడి రిజిస్టర్ల దగ్గర ఆగిపోయాయి. తర్వాత అనంతపురం వైపు తండాలో పుట్టిన సత్యవతి అనే అమ్మాయి టీవీ తెర మీదికి మంగ్లి పేరుతో వచ్చింది, పాటలతో ఆ పేరును ఊరూరా తిప్పింది. వదిలేసిన పేరు ఇంకొకరి నోట్లో ఇంత తీయగా వినిపిస్తుందని తండాల్లో ఎంతమంది అనుకున్నారో!

ఇప్పుడు మన ఇండ్లలో నడుస్తున్నది మధ్యదారి. మొక్కు మరవరు, పేరు పూర్తిగా పెట్టరు. 'స' తీసుకుని సహస్ర అంటారు, 'సా' తీసుకుని సాన్విత అంటారు. మొదటి అక్షరంతో తల్లికి బాకీ తీర్చినట్టు. నాకిది కొంచెం దొంగలెక్కలా అనిపించేది, అంతగా కోపం మాత్రం రాలేదు.

2024 జాతరకు మా చిన్నమ్మ మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. బిడ్డ ఎత్తు బెల్లం తూచి పంచారు. పుట్టుక సర్టిఫికెట్‌లో ఆ పిల్ల పేరు సమన్విత. వాగు ఒడ్డున జనంలో చేయి జారిపోతే చిన్నమ్మ పెట్టిన కేక మా అందరికీ వినిపించింది: 'సమ్మీ! ఓ సమ్మక్కా!' పిల్ల వెనక్కి తిరిగి చూసింది.