బండి కందెన నుండి సింథటిక్ ఆయిలు దాకా



ట్రాక్టరు కొన్నవారికి ప్రతి దుక్కి కాలంలోను ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. ఇంజనాయిలు ఎప్పుడు మార్చవలె? ఇప్పుడు దానికి తోడు మరొక ప్రశ్న వచ్చి చేరింది. దుకాణంలో మామూలు ఆయిలు పక్కనే సింథటిక్ ఆయిలు అని ఇంకొక డబ్బా పెడుతున్నారు. వెల చూస్తే బాగా ఎక్కువ. "ఇది పోస్తే రెండింతల గంటలు నడుస్తుందండీ" అని చెప్పేవారూ ఉన్నారు. నమ్మవచ్చునా? దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోవచ్చును గాని, చమురు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నవాడు ఎవరి మాటకూ తొందరపడడు. అందుచేత ముందు కథ చెప్పి, తరువాత లెక్క చెబుతాను.

కందెన అనే మాట మనకు కొత్తది కాదు. రబ్బరు టైర్లు రాకముందు మన ఎడ్లబండి ఇరుసుకు గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి రాసేవారు. దూరప్రయాణమైతే ఆ కందెనను వెంట తీసుకొనిపోయేవారు. చక్రం కిర్రుమన్నదంటే కందెన అయిపోయినదన్న మాట. ఇరుసే నోరు తెరచి అడిగేది. బండివాడు దిగి రాసేవాడు. ఎప్పుడు మార్చవలె అనే ప్రశ్నకు ఆనాడు చెవే జవాబు చెప్పేది. ఇంజనుకు అట్టి నోరు లేదు. అది శబ్దం చేసేవేళకు పని మించిపోతుంది. మన చిక్కంతా అక్కడే ఉన్నది.

ఆముదం ఇరుసుతో ఆగలేదు. అది ఇనుమును గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది. పెట్రోలులో సులభంగా కరగదు. ఈ రెండు గుణాలను చూసి తొలినాటి ఇంజనులలో దానిని వాడినారు. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఆయన స్థాపించిన కంపెనీ 1909లో ఆముదం కలిపిన ఒక చమురును అమ్మకానికి పెట్టి, దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఇంగ్లీషులో ఆముదానికున్న పేరు నుండే ఆ పేరు పుట్టింది. 1914 నుండి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధంలో, ఇంజను మొత్తం గిరగిర తిరిగే విమానాలు ఉండేవి. వాటికి ఆముదమే ప్రాణాధారం. మన తెలంగాణాలో నల్లగొండ, మహబూబ్‌నగర్ చల్క నేలలకు ఆముదపు పంట తరతరాల పరిచయమే గదా! అట్టి పంట నుండి తీసిన నూనె ఆకాశంలో ఎగిరే యంత్రాలకు కూడా పనికివచ్చింది. అయితే దానిలో లోపం ఒకటున్నది. వేడికి అది జిగురుకట్టి రింగులను పట్టేస్తుంది. అందుచేత ఎక్కువకాలం ఇంజనులో ఉంచడానికి పనికిరాదు.

ఇక రాతినూనె సంగతి. 1859 ఆగస్టులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో టైటస్‌విల్ అనేచోట ఎడ్విన్ డ్రేక్ బావి తవ్వించి చమురు పడేటట్టు చేసినాడు. దాని నుండి దీపాలకు కిరసనాయిలు తీయగా, మిగిలిన బరువు భాగం యంత్రాలకు కందెన అయింది. మోటారు వాహనాలు పెరిగినకొద్దీ ఏ చమురు ఎంత చిక్కన అనే తగాదా వచ్చింది. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘం 1911లో చిక్కదనం కొలతకు నియమాలు ఏర్పరచింది. మీ డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని కనబడే అంకెలు ఆ వంశానివే. మొదటి అంకె చలిలో చమురు ఎట్లా పారుతుందో చెబుతుంది. రెండవది వేడిలో దాని చిక్కదనం చెబుతుంది. చమురు మంచిదా చెడ్డదా అన్నది ఆ అంకెలు చెప్పవు సుమా!

1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారుకు ఆయిలు ఫిల్టరే లేదు. లోపల చేరిన మురికి లోపలే తిరిగేది. అందువల్ల సుమారు 750 మైళ్లకొకసారి ఆయిలు తీసివేయమని ఆ కంపెనీవారే చెప్పేవారు. 1923లో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ అనే ఆయన ఆయిలును వడగట్టే ఫిల్టరును రూపొందించినాడు. ఆ తరువాత గడువు మెల్లగా పెరుగుతూ వచ్చింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. గడువు పెరిగింది ఆయిలు గొప్పతనం వల్లనేనా? కాదు. మురికిని ఆపే ఏర్పాటు రావడం వల్ల కూడా. ఈ మాట గుర్తుంచుకోండి, చివరలో పనికివస్తుంది.

తరువాత డీజిలు వచ్చింది. 1931లో అమెరికాలో క్యాటర్‌పిల్లర్ కంపెనీవారు డీజిలు ట్రాక్టరు తయారుచేసినారు. బలమైన యంత్రమే గాని, మసి ఎక్కువ. ఆ మసి పిస్టను గాడులలో గట్టిపడి రింగులు కదలకుండా పట్టేసేది. 1930ల నడుమ చమురు కంపెనీలు ఆయిలులో కడిగే గుణంగల మందులు కలపడం నేర్చుకున్నవి. ఆ మందు మసిని గోడలకు అంటనీయక, విడివిడిగా తనలోనే తేలియాడేటట్లు పట్టుకొని ఉంటుంది. అందుకే డీజిలు ఇంజనులో కొత్త ఆయిలు పోసిన కొద్ది గంటలకే నల్లబడుతుంది. "నల్లబడింది, చెడిపోయింది" అని కంగారు పడేవారిని నేను చాలామందిని చూశాను. నలుపు చెడిన గుర్తు కాదు. చాకలి నీళ్లు మురికి పట్టితేనే గదా బట్ట తెల్లబడేది! అట్లాగని ఆ మందు అక్షయపాత్ర కూడా కాదు. వాడినకొద్దీ అరిగిపోతుంది. అది అయిపోయిననాడు నల్లటి ఆయిలు నిజంగానే చెడ్డదవుతుంది. ఆ రోజు ఏదన్నది రంగు చూసి చెప్పలేము.

ఇక సింథటిక్ ఆయిలు. భూమిలో దొరికినదానిని శుద్ధిచేసి వాడడం గాక, చిన్న అణువులను కోరినట్లు కూర్చి కొత్త చమురును తయారుచేయడమన్న మాట. 1930 ప్రాంతంలోనే అమెరికాలో ఒక చమురు కంపెనీ ఇటువంటిది చేసింది గాని, అప్పట్లో గిరాకీ లేక అది నిలవలేదు. అవసరం యుద్ధం తెచ్చిపెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీకి రాతినూనె కరువు. పైగా రష్యా చలిలో మామూలు ఆయిలు మైనంలాగా గడ్డకట్టేది. హెర్మన్ జోర్న్ మొదలగు రసాయన శాస్త్రజ్ఞులు వేలకొలది పదార్థాలను పరీక్షించి కృత్రిమ చమురులు తయారుచేసినారు. అమెరికావారు కూడా అలాస్కా చలిలో విమానాలు నడపడానికి ఇట్టివే వాడినారు. యుద్ధం ముగిసిన పిమ్మట జెట్ విమానాలు పెరిగినవి. ఆ ఇంజనుల వేడికి రాతినూనె ఆగదు. అందుకు ఎస్టర్లు అనే కృత్రిమ చమురులు వచ్చినవి. ఒక విశేషం వినండి. తొలి తరం జెట్ చమురులలో కొన్ని సెబాసిక్ ఆమ్లంతో చేసినవి. ఆ ఆమ్లాన్ని తీసేది ఆముదం నుండి! ఇరుసుకు రాసిన ఆముదమే వేషం మార్చుకొని జెట్ ఇంజనులోకి వెళ్లిందన్న మాట.

కార్లవారికి ఈ ఆయిలు 1970లలో చేరింది. అమెరికాలో 1972లో ఆమ్సాయిల్, 1974లో మొబిల్ 1 అనేవి వచ్చినవి. 25,000 మైళ్లు లేదా ఒక సంవత్సరం దాకా మార్చనక్కరలేదని ఆనాడు ప్రకటనలు ఇచ్చినారు. గడువు రెండింతలు అనే మాటకు మూలం అక్కడున్నది. అయితే ఆ మాట ఎవరిని గురించి? మంచి తారు రోడ్డు మీద పోయే పెట్రోలు కార్లను గురించి. దమ్ము మడిలోని ట్రాక్టరును గురించి కాదు.

సింథటిక్ అనే పేరు మీద ఒక తగాదా కూడా జరిగింది. రాతినూనెనే హైడ్రోజను వాయువుతో, గట్టి ఒత్తిడిలో, బాగా మార్చి శుద్ధిచేసి దానిని కూడా సింథటిక్ అని అమ్మడం మొదలుపెట్టినారు. మొబిల్‌వారు క్యాస్ట్రాల్‌వారి మీద అమెరికాలో ప్రకటనల మంచిచెడ్డలు విచారించే సంఘానికి ఫిర్యాదు చేసినారు. 1999లో ఆ సంఘం, అట్లా పిలవడం తప్పు కాదని తీర్పు చెప్పింది. బియ్యంతో పోల్చి చెబుతాను. మామూలు ఆయిలు జల్లెడ పట్టిన బియ్యం వంటిది. కొంత నూక మిగిలే ఉంటుంది. గట్టిగా శుద్ధిచేసినది మరపట్టి నూక తీసిన సన్నబియ్యం. పూర్తిగా కూర్చినది, గింజ గింజా ఒకే కొలతతో చేసినట్లుంటుంది. డబ్బా మీద మాత్రం చివరి రెండింటికీ ఒకే పేరు ఉండవచ్చును. కనుక పేరు చూసి వెల ఇవ్వరాదు.

మన దేశం సంగతి చూద్దాము. విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్‌వారి చమురు శుద్ధి కర్మాగారం పని ప్రారంభించింది. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. 1959లో ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు తయారయింది. 1972లో ఇండియన్ ఆయిల్‌వారు సర్వో అనే పేరుతో చమురులు తెచ్చినారు. ఆనాటి డీజిలులో గంధకం ఎక్కువ. గంధకం మండి, నీటి ఆవిరితో కలిసి ఆమ్లమవుతుంది; అది లోపలి ఇనుమును తింటుంది. దానిని విరిచే మందు ఆయిలులో ఉంటుంది గాని, గంధకం ఎక్కువైనకొద్దీ అది త్వరగా అయిపోతుంది. 2020 ఏప్రిల్ నుండి దేశమంతటా అమ్మే డీజిలులో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించరాదని నియమం. ఇక్కడ కూడా ఆయిలుకు ఆయుస్సు పోసినది ఇంధనమే!

మరి ఎప్పుడు మార్చవలెనో తెలిసేదెట్లా? 1946లో అమెరికాలో ఒక రైల్వే కంపెనీ ప్రయోగశాలలో, డీజిలు ఇంజనుల నుండి ఆయిలు నమూనా తీసి, అందులో ఏ లోహం ఎంత కలిసిందో చూడడం మొదలుపెట్టినారు. మనము మట్టి పరీక్ష చేయించి ఎరువు వేసినట్లే! ఇనుము పెరిగితే అరుగుదల, ఇసుకలోని సిలికాను కనబడితే దుమ్ము జొరబడిందని అర్థం. 1988 నుండి కొన్ని అమెరికా కార్లలో, ఇంజను నడిచిన తీరును బట్టి గడువును లెక్కకట్టి చెప్పే ఏర్పాటు కూడా వచ్చింది. ఈ చరిత్ర అంతా ఒకే మాట చెబుతున్నది. ఆయిలు ముసలిదై చావడం కంటె, దుమ్ము, మసి, ఆమ్లం, నీరు కలిసి చంపడమే ఎక్కువ. సింథటిక్ ఆయిలు వేడికి త్వరగా చెడదు, ఆవిరై తక్కువ పోతుంది, చలిలో బాగా పారుతుంది. ఇవన్నీ నిజమే. కాని దుమ్మును అది ఆపలేదు.

మా ప్రాంతంలో ఒక రైతు సింథటిక్ ఆయిలు పోయించి, ఇక దిగులు లేదని రెండు గడువులు ఒక్కటిగా నడిపినాడు. ఎయిర్ క్లీనరు గిన్నె మాత్రం రెండు పంటల పాటు విప్పలేదు. ఆరుతడి దుక్కిలో లేచిన ధూళి అంతా ఇంజనులోకి పోయింది. సరిగ్గా నాట్ల వేళకు ఇంజను బోరుకు వచ్చింది. మరమ్మతు ఖర్చు ఒక ఎత్తు. మడి తయారుకాక నారు ముదిరిపోవడం మరొక ఎత్తు. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

కనుక లెక్క చెబుతాను, రాసుకోండి. మొదటిది: మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. చాలా పుస్తకాలలో కొత్త ఇంజనుకు మొదటి మార్పు 50 గంటలకు, తరువాత 250 గంటలకు అని ఉంటుంది, మీది చూసుకోండి. గంటల మీటరు అంకెను, తేదీని గోడమీదనైనా రాసి పెట్టండి. రెండవది: ధూళి, దమ్ము, రోటవేటరు పనులు ఎక్కువైతే గడువు తగ్గించుకోవలె. గంటలు నిండకపోయినా సంవత్సరానికి ఒకసారి మార్చవలె. మూడవది: ఆయిలుతోపాటు ఫిల్టరు మార్చవలె, దమ్ము, దుక్కి రోజులలో ఎయిర్ క్లీనరు రోజూ చూడవలె. నాలుగవది: గేజి పుల్ల మీద ఆయిలు మజ్జిగలాగా తెల్లబడితే నీరు కలిసింది. పోయకుండానే మట్టం పెరిగితే డీజిలో నీరో దిగుతున్నది. రెండింటికీ గంటలు చూడక వెంటనే ఇంజను ఆపి మెకానిక్కును పిలవండి. ఐదవది: డబ్బా మీద సింథటిక్ అనే పెద్ద అక్షరాలు కాక, చిన్న అక్షరాలు చూడండి. డీజిలు ఇంజనుకు సి అక్షరంతో మొదలయ్యే గుర్తు, అనగా సి.హెచ్-4, సి.ఐ-4, సి.కె-4 వంటిది, మీ పుస్తకం అడిగినదై ఉండవలె.

ఇక సింథటిక్ కొనవచ్చునా? మామూలు ఆయిలు ఒక రూపాయి, సింథటిక్ రెండు రూపాయలు అనుకోండి. మీ పుస్తకం రెండింటికీ 250 గంటలే అన్నదంటే, గంటకు ఖర్చు సరిగా రెండింతలు అయింది. 500 గంటలు నడపవచ్చునని ట్రాక్టరు కంపెనీవారే రాసి ఇచ్చినట్లయితే ఖర్చు సమానం, అప్పుడు ఆలోచించవచ్చును. వారంటీ ఉన్న బండికి కంపెనీ మాట దాటి గడువు పెంచడం మంచిది కాదు. ఆ తేడా సొమ్ముతో ఫిల్టర్లు కొన్నవాడు తెలివైనవాడని నా అభిప్రాయం.

చివరి మాట. తీసివేసిన ఆయిలును కాలువలో గాని, చెరువులో గాని పోయకండి. పశువుల పుండ్లకు రాయకండి. అందులో లోహాలు, విషపదార్థాలు ఉంటవి. మూతగల డబ్బాలో దాచి, తిరిగి శుద్ధిచేసే వారికి చేరేటట్లు అధికారిక సేకరణదారుకు ఇవ్వండి.

మన తాతల ఇరుసు కిర్రుమని అడిగింది. మన ఇంజను అడగదు. మనమే గంటలు లెక్కపెట్టి అడగక ముందే ఇవ్వవలె.