మే పుష్పం

నిన్నటిదాకా ఖాళీ అనుకున్న కుండీలోంచి నడివేసవిలో లావాటి కాడ పైకి తన్నుకొచ్చి, దాని కొసన ఎర్రటి బంతిలా విచ్చుకునే దుంప మొక్క. శాస్త్రనామం స్కాడాక్సస్ మల్టీఫ్లోరస్. పూర్వం హీమాంథస్ ప్రజాతిలో చేర్చేవారు. కుటుంబం అమరిల్లిడేసీ. స్వస్థలం ప్రధానంగా ఆఫ్రికా. తెలుగు ఇళ్ల పెరళ్లలో ఎక్కువగా మే నెలలో పూస్తుంది కాబట్టి ఈ పేరు.

ఒకే పువ్వులా కనిపించేది నిజానికి గుత్తి. అందులో 200 వరకూ చిన్న పూలుంటాయి. అదీ కొద్దిరోజుల ముచ్చటే. పూలు లేనప్పుడు గుర్తుపట్టాలంటే వంగి ఆకుల మొదలు చూడాలి: ఒకదాన్నొకటి చుట్టుకుని కాండంలా నిలబడ్డ చోట తరచూ ఎరుపు, ఊదా చుక్కలు కనిపిస్తాయి. వానాకాలమంతా ఈ ఆకులే దుంపకు తిండి కూడబెడతాయి; పూత అయిపోయిందని వాటిని కోసేయకూడదు.

చలికాలానికి ఆకులు పండి వాలిపోతాయి. మొక్క చచ్చిందనుకుని మట్టితో సహా పారబోసేవాళ్లు చాలామంది. దుంప నిద్రపోతుందంతే. బంతిపూల మొక్కలా ఏటా విత్తనం చల్లే పని లేదు. మళ్లీ వేసవికి తనంతట తనే లేస్తుంది, పక్కన పిల్ల దుంపలూ పెడుతుంది. ఉల్లిగడ్డను పోలిన ఈ దుంప విషపూరితం. పిల్లలకు, పశువులకు అందనీయరాదు.