ముందు చక్రం మోత: చెవికి దక్కిన పేరు

పాతకాలపు కారు మెకానిక్‌ల గురించి ఒక కథ ఏ ఊళ్లో విన్నా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. బండి ఇంకా షెడ్డు గేటులోకి తిరుగుతూ ఉంటుంది. చేతిలో పని ఆపకుండా, తలైనా ఎత్తకుండా, మేస్త్రీ 'ఎడమ కింగ్‌పిన్ పోయింది' అంటాడు. విప్పి చూస్తే నిజంగా అదే. ఇలాంటి కథలు కల్పితాలని నేననను. కానీ వాటిలోని ఘనతంతా చెవికే కట్టబెట్టడం సరికాదు. చక్రం చప్పుడు విని లోపం పట్టే విద్య ఎలా నడిచి వచ్చిందో చూస్తే, చెవి పని అనుమానం పుట్టించడం వరకే. దాన్ని తేల్చింది ఎప్పుడూ చెయ్యే. చెవికి పేరు తెచ్చిపెట్టింది మన దేశంలో కార్ల రకాలు మరీ తక్కువ కావడం.

ఎడ్లబండితో మొదలుపెడదాం. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి ఇరుసుకి పట్టించనప్పుడు వచ్చే కీచుమోత అది. దానికి కారణం వెతకనక్కర్లేదు. లొడలొడ సంగతి వేరు. ఎండాకాలంలో చక్రం కర్ర ఎండి కుదించుకుపోతే ఆకులు కుంభంలో వదులవుతాయి, చుట్టూ ఉన్న ఇనప పట్టా పట్టు తప్పుతుంది. ఇరుసు కొసన చీల అరిగినా చక్రం పక్కలకి ఊగి ఇంచుమించు అలాంటి మోతే చేస్తుంది. రెండింటినీ విడదీయడానికి రైతు చెవిని నమ్ముకోలేదు. ఆకుని పట్టుకుని కదిపేవాడు, చక్రాన్ని ఇరుసు మీద లోపలికీ బయటికీ లాగి చూసేవాడు. ఆకులు వదులైతే చక్రాన్ని చెరువులో నానేసేవాడు. నీటికి కర్ర ఉబ్బి బిగిసిందంటే దోషం ఎండదే. నానినా వదులు పోకపోతే పట్టాని ఊడదీసి, చుట్టు తగ్గించి, కాల్చి మళ్లీ ఎక్కించడం కమ్మరి పని. అంటే నానబెట్టడం ఒకే దెబ్బకి వైద్యమూ, పరీక్షానూ.

దీనికి ఎదురుగా నిలిచే పెద్ద ఉదాహరణ రైల్వేలది. పంతొమ్మిదో శతాబ్దం నుంచీ పొడుగు పిడి సుత్తి పట్టుకుని, ఆగిన రైలు వెంట నడుస్తూ, ఒక్కో చక్రాన్నీ కొట్టి వినడమే ఉద్యోగంగా మనుషులుండేవారు. చక్రం బాగుంటే గంటలా మోగేది. ఉక్కు పట్టా పగిలినా వదులైనా మోత చచ్చుబడేది. ఇక్కడ తీర్పు చెవిదే కదా అనవచ్చు. కానీ ఆ చప్పుడు చక్రం తనంతట తాను చేసింది కాదు, మనిషి పుట్టించింది. రైలు ఆగి ఉంది, సుత్తి ఒకటే, దెబ్బ ఒకటే, పోల్చుకోవడానికి పక్కనే మరో చక్రం ఉంది. ఇంజిన్ మోత, గాలి, పట్టాల దడదడ అన్నీ తీసేసి, ఒక్క ప్రశ్నని ఒక్క చక్రానికి వేయడం అది. సుత్తి పక్కన పెట్టాక ఇరుసు పెట్టె మీద చెయ్యి వేసి వేడి చూసేది కూడా ఆ మనిషే. నడుస్తున్నప్పుడు వినబడిన మోత ఒక్కటే ఎంత దూరం తీసుకెళ్తుందో 1998 జూన్ 3న జర్మనీలోని ఎషెడె దగ్గర తెలిసింది. వేగంగా పోతున్న ఐసీఈ రైలు చక్రానికున్న ఉక్కు పట్టా తెగిపోయి 101 మంది చనిపోయారు. ఆ బోగీ నుంచి మోత, అదురు వస్తున్నాయని రైలు సిబ్బంది అంతకుముందే పలుమార్లు ఫిర్యాదు రాశారు. చెవులు తమ పని చేశాయి. పట్టా లోపలి పగులుని పట్టగల పరీక్ష మాత్రం జరగలేదు. టార్చి వేసి కంటితో చూసి సరిపెట్టారు.

కార్ల దగ్గరికొస్తే, మన షెడ్డుల్లో ఈ విద్య పెరిగింది అంబాసిడర్ కింద. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర తయారుచేయడం మొదలుపెట్టి, 2014లో ఆపేసింది. ముందు చక్రాలకి టోర్షన్ బార్లు, తిరగడానికి కింగ్‌పిన్‌లు, వాటికి గ్రీజు నిపుల్స్. వేళకి గ్రీజు కొట్టకపోతే పిన్ను, బుష్షు రెండూ అరిగి, గతుకు తగిలినప్పుడల్లా కటకటమంటాయి. చిక్కేమిటంటే, చక్రం బేరింగ్ వదులైనా అలాగే ఉంటుంది, స్టీరింగ్ కీలైన టై రాడ్ ఎండ్ అరిగినా అలాగే ఉంటుంది. చక్రం మోతకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇంజిన్ అయితే నిలబడిన చోటే ఆడుతుంది, స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి వినవచ్చు. చక్రం బరువు మీద, గతుకుల్లో, పరుగులోనే మోగుతుంది. ఆ సమయంలో మెకానిక్ లోపల సీటులో ఉంటాడు. పైగా మోత ఇనప బాడీ వెంట పాకి, ఎడమది కుడివైపు వినిపించడం మామూలే. అందుకే జాకీ. చక్రాన్ని నేల విడిపించి, పైనా కిందా పట్టుకుని ఊపుతారు. ఆడితే బేరింగో కింగ్‌పిన్నో. అప్పుడు ఒకణ్ణి బ్రేకు తొక్కమని మళ్లీ ఊపుతారు. బ్రేకు డ్రమ్ముని వెనక ప్లేటుకి బిగించేస్తుంది కాబట్టి బేరింగ్ ఆట కనబడకుండా పోతుంది. ఇంకా ఆడుతుందంటే అది కింగ్‌పిన్నే. పక్కలు పట్టుకుని ఊపినప్పుడే ఆడితే చూపు స్టీరింగ్ కీళ్ల మీదికి పోవాలి. ఖర్చు లేని ఈ పరీక్ష రెండు నిమిషాల్లో మూడు అనుమానాల్లోంచి ఒకదాన్ని ఏరి ఇస్తుంది. మన మెకానిక్‌ల అసలు గొప్పతనం నా లెక్కలో ఇది. చెవి కథ ముందు ఇది చిన్నబోయింది, అంతే.

అయితే తల ఎత్తకుండా చెప్పిన మేస్త్రీ మాటేమిటి? అతను చెప్పగలిగాడు, ఎందుకంటే అతని ముందుకొచ్చే బండ్లే రెండు మూడు రకాలు. దశాబ్దాల పాటు అంబాసిడర్, ఫియట్ 1100 వంశం, కొన్నాళ్లు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. ఏ బండికి ఏది ముందు పోతుందో వినకముందే తెలుసు. హెరాల్డ్ ముందు చక్రం తిరిగే కీలుకి, అంటే ట్రనియన్‌కి, గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పడాలి. ఇలాంటి సంగతులు శబ్దం చెప్పేవి కావు, బండితో పాతికేళ్ల సావాసం చెప్పేవి. నాలుగు అనుమానాల్లో ఒకటి నూటికి ఎనభై సార్లు నిజమయ్యే చోట చెవికి పేరు రావడం కష్టమా? 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఈ సంగతి బయటపడింది. ముందు చక్రాలే బండిని లాగుతాయి. కింగ్‌పిన్‌లు లేవు. బదులుగా బాల్ జాయింట్లు, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు, 1950లో బ్రిటన్ ఫోర్డ్ కార్లకి వచ్చిన మాక్‌ఫెర్సన్ స్ట్రట్లు. అంబాసిడర్‌కి అలవాటుపడ్డ చెవికి ఈ మోతలకి పేర్లు లేవు. జాకీ, చెయ్యి మాత్రం కొత్త బండి దగ్గరా పనికొచ్చాయి.

గట్టి అభ్యంతరం ఇక్కడే వస్తుంది. చక్రాన్ని గాలిలోకి లేపితే కొన్ని లోపాలు దాక్కుంటాయి. స్ట్రట్ పై మౌంటు, స్టెబిలైజర్ లింకు బరువు కింద మాత్రమే మోగుతాయి. చక్రం వేలాడుతుంటే చప్పుడూ లేదు, ఆటా లేదు. నిజమే. కానీ దానివల్ల తేలేది జాకీ ఒక్కటే చాలదని, చెవి చాలునని కాదు. బండిని నేల మీదే ఉంచి, స్ప్రింగ్ మీద చెయ్యి ఆనించి, స్టీరింగ్ తిప్పిస్తే మౌంటు అదురు వేళ్లకి తెలుస్తుంది. లింకు మీద అనుమానముంటే దాన్ని విప్పి కొద్ది దూరం నడిపితే చప్పుడు ఉందో పోయిందో తేలిపోతుంది. డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ విషయంలో చెవికి నేను ఇంకొంచెం ఎక్కువే ఇస్తాను. స్టీరింగ్ పూర్తిగా విరిచి కదిలిస్తే వచ్చే టక్ టక్ మరి దేనికీ రాదు. అయినా విరిచి నడిపించడం కూడా సుత్తి దెబ్బ లాంటిదే. చప్పుడు కోసం కాచుకోకుండా, రప్పించి వింటున్నారు.

లారీలకి మాత్రం ముందు దూలం ఇరుసు, కింగ్‌పిన్ ఇంకా పోలేదు. విజయవాడ ఆటోనగర్‌లో పాత విద్య ఇవాళ్టికీ రోజువారీ పనే. కార్లలో మారింది వేరొకటి. జాయింట్లూ బేరింగ్‌లూ సీలు వేసి వస్తున్నాయి, గ్రీజు నిపుల్ పోయింది, బిగించి సరిచేయడం పోయి మార్చడమే మిగిలింది. మార్చడం సులువైన చోట పరీక్ష ఎగ్గొట్టడమూ సులువే. ఒకటి మార్చి, మోత పోలేదని మరొకటి మార్చే బిల్లులు అందుకే పెరుగుతున్నాయి. కాబట్టి మీ కారు ముందు చక్రం మోగితే, ఏ వేగంలో, ఎటు తిప్పినప్పుడు, బ్రేకు తొక్కితే ఆగుతోందా లేదా అన్నవి ముందే గమనించి మెకానిక్‌కి చెప్పండి. చక్రాన్ని ముట్టుకోకుండానే పార్టు పేరు చెబితే, ఆ ఆట ఎక్కడుందో చూపించాకే కొత్తది తెప్పించమని అడగండి.