వారముల నుండి వేతనముల వరకు

పేదయింటి పిల్లవాడు ఉన్నత పాఠశాల చదువు ముగించి పైతరగతులకు పోగోరినపుడు అతనికి మొదట అడ్డము వచ్చునది కళాశాల జీతము కాదు, రెండుపూటల అన్నము. తెనాలి, రేపల్లె, బాపట్ల తాలూకాలు కృష్ణ కాలువల నీట వరి పండించు సీమలు గదా, అచ్చట అన్నమునకు కఱవేమని చదువరులు అడుగవచ్చును. గాదెలలో ధాన్యము లేకపోలేదు. చదువున్న చోట ఆ పిల్లవానికి ఇల్లు లేదు.

తెనాలిలో 1951వ సంవత్సరమున వి.ఎస్.ఆర్. కళాశాల వెలయుటకు పూర్వము, మొదట ఎఫ్.ఏ. అనియు పిమ్మట ఇంటర్మీడియెట్ అనియు పిలువబడిన ఆ రెండేండ్ల చదువునకు ఈ ప్రాంతపు బాలురు పరస్థలమునకే పోవలసివచ్చెను. గుంటూరున 1885లో క్రైస్తవ కళాశాల యేర్పడెను. రేపల్లెవారు కృష్ణ దాటినచో బందరున నోబిల్ కళాశాల యుండెను. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల స్థాపితమైనను అది ఇంటర్మీడియెట్ గడచినవారికే. 1916లో రేపల్లెకు రైలు వచ్చినందున ప్రయాణము సులువాయెను గాని, దిగిన పిమ్మట బస యెచ్చట, భోజన మెచ్చట?

ఈ ప్రశ్నకు మన పూర్వులు చెప్పిన సమాధానము వారములు. ఆదివార మొక యింట, సోమవార మొక యింట, ఇట్లు ఏడిండ్లు కుదుర్చుకొన్నవాడు ధన్యుడు. అయిదే కుదిరినచో తక్కిన రెండు దినములును అటుకులతోనో, మంచినీళ్లతోనో గడపవలెను. ఇల్లాలు పుట్టింటికి పోయినను, ఇంట మైల వచ్చినను ఆ వారము పోయినట్లే. కొందఱు తల్లులు కన్నబిడ్డతో సమముగా వడ్డించిరి. కొందఱు నీళ్లు తోడించి, బజారు పనులు చేయించి, పిమ్మట విస్తరి వేసిరి. ఈ యాచారమును పొగడువారును గలరు, నిందించువారును గలరు. మేము రెండును చేయుదుము. ఆకలి వేసిన దినముననే అన్నము దొరకుట దీని గుణము. అడుగునపుడెల్ల తల వంచుకొనవలసివచ్చుట దీని దోషము. అంతకన్న పెద్ద దోషము వేఱొకటి కలదు. ఇది చాలవఱకు బ్రాహ్మణ బాలురకు బ్రాహ్మణ గృహములలో నడచిన యేర్పాటు. మాలమాదిగల బిడ్డకు ఏ యరుగును లేదు. ఆడపిల్ల వారములు చేసికొని చదివినదను మాట మేము వినలేదు.

ఒంగోలున టంగుటూరి ప్రకాశముగారి తల్లి సుబ్బమ్మగారు పూటకూళ్లయిల్లు నడపి బిడ్డలను పెంచిరి. పదిమందికి అన్నము వండిపెట్టిన ఆ యమ్మ కుమారుని మిడిలు పరీక్షకు మూడు రూపాయలు కట్టుటకై తన పట్టుబట్ట తాకట్టు పెట్టవలసివచ్చెను. పిమ్మట ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు ఆ బాలుని రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయి ఆదరింపగా, అచ్చట ఎఫ్.ఏ. చదువు సాగెను. అట్టి ఉపాధ్యాయుడు దొరకనివారి పేళ్లు ఏ చరిత్రలోను లేవు.

దయకు మాఱుగా హక్కు వచ్చుట మెల్లమెల్లగా జరిగినది. గుంటూరున లూథరను మిషనువారును, బాపట్లలో బాప్టిస్టు మిషనువారును దళితుల బిడ్డలకు వసతితోడి బడులు పెట్టిరి. తరువాత కులసంఘముల వసతిగృహములును, సర్కారు వసతిగృహములును వచ్చెను. డాక్టరు అంబేద్కరుగారి ప్రయత్నముచే 1944లో షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ పై చదువులకై భారత ప్రభుత్వ వేతనములు మొదలాయెను. 1948లో అవి గిరిజనులకును విస్తరించెను. నాటినుండి పేదవిద్యార్థి గడప ముందు నిలుచుటకు బదులు దరఖాస్తు వ్రాయుచున్నాడు. ఇది చిన్న మార్పు కాదు.

ఇంగ్లాండునందు మన ఇంటర్మీడియెట్టునకు సాటియైన చదువును సిక్స్త్ ఫారమందురు. అచ్చట 2004లో దేశమంతటను ఒక భృతి యేర్పఱచిరి. తల్లిదండ్రుల ఆదాయమును బట్టి వారమునకు పది, ఇరువది, లేక ముప్పది పౌనులు విద్యార్థికే యిచ్చిరి. 2011లో ఇంగ్లాండున దానిని ఎత్తివేసిరి గాని వేల్సున నిలిపి, 2023లో గరిష్ఠమును నలుబది పౌనులు చేసిరి. మాకు నచ్చినది మొత్తము కాదు, వారమను లెక్క. మన వారములకును ఆ భృతికిని ఈ యొక్క విషయమున చుట్టఱికము కలదు.

మన రాష్ట్రమున 2020 జనవరిలో అమ్మఒడి పేర ఒకటవ తరగతి మొదలు ఇంటర్మీడియెట్ వఱకు ఏటికి 15,000 రూపాయల సాయము మొదలాయెను. 2025 జూనున తల్లికి వందనము పేర 13,000 రూపాయలు తల్లి ఖాతాకును, 2,000 రూపాయలు పాఠశాలల నిర్వహణకును కేటాయించిరి. ఆ యేడు జనవరినుండియే సర్కారు జూనియరు కళాశాలలలో అన్నదాత డొక్కా సీతమ్మగారి పేర మధ్యాహ్నభోజనము పెట్టుచున్నారు. మెచ్చవలసిన పనులే. కాని సొమ్ము ఏటికొకసారి వచ్చును. బస్సు ఛార్జీ ప్రతిదినము కావలెను. నూటికి 75 దినముల హాజరు లేనిదే సాయము లేదు. ఛార్జీ లేనిదే హాజరు లేదు.

రేపల్లె చేరువనున్న ఒక పల్లెనుండి మాయొద్ద చదివిన బాలిక యొకతె పది గడచి తెనాలిలో కళాశాల చేరెను. సాయమునకై పెట్టిన కాగితములు ఒకచోట నిలిచిపోయెను. ఆధారులోని పేరునకును, బడి పత్రములోని పేరునకును ఇంగ్లీషున ఒక అక్షరము తేడా. దిద్దించుకొని తిరిగి పంపునప్పటికి సంక్రాంతి దాటినది; అప్పటికే ఆ పిల్ల రొయ్యలు ఒలుచు కూలికి పోవుచుండెను. ఆ దరఖాస్తు పూర్తిచేసి యిచ్చినవారము మేమే. ఆ యక్షరము మేము చూడలేదు.