సామర్లకోట తోట నుంచి కడియం మడుల వరకు



ఫాల్గుణం వెళ్లి చైత్రం వచ్చే రోజులలో రాజమహేంద్రవరంలో రావులపాలెం బస్సు ఎక్కి, కిటికీ ప్రక్కన కూర్చోండి. వేమగిరి దాటి కడియపులంక దగ్గరకు వచ్చేసరికి రోడ్డుకు రెండు వైపులా మొక్కలే మొక్కలు. కాగితపు పూల తీగలు, గులాబీలు, మందారాలు, గుత్తులు గుత్తులుగా నూరువరహాలు. టిక్కెట్టు డబ్బు ఆ చూపుకే చెల్లిపోయిందనిపిస్తుంది. ఈ మొక్కలు మన గడ్డకు ఎట్లా వచ్చినవి, మధ్యలో ఎన్నిసార్లు కొట్టుకుపోయినవి, మళ్లీ ఎవరు నిలబెట్టినారు అనే సంగతిని ఇవాళ కాస్త ముచ్చటించుకుందాము.

కథ కడియంలో కాదు, సామర్లకోటలో మొదలుపెట్టాలి. భీమేశ్వరస్వామి గుడి ఉన్న సామర్లకోటే. 1781లో విలియం రాక్సుబర్గు అనే స్కాట్లాండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో అక్కడికి వచ్చినాడు. చేసేది వైద్యము, మనసు మాత్రము మొక్కల మీద. అక్కడ ఒక తోట వేసి మిరియము, కాఫీ, దాల్చిన, జాజికాయ, సీమపనస, మల్బరీ మొదలైనవి పెంచి చూసినాడు. మన రైతులు చెరకు ఎట్లా వేస్తున్నారో, బెల్లం ఎట్లా వండుతున్నారో కూడా దగ్గరుండి చూసి వ్రాసుకున్నాడు. కంపెనీకి కావలసింది లాభము, నిజమే. అయినా ఆ మనిషి చూపు లాభము దగ్గరే ఆగలేదు.

1787 మే నెలలో పెద్ద తుపాను వచ్చి, సముద్రం ఊళ్ల మీదికి పొంగినది. రాక్సుబర్గు పుస్తకాలు, కాగితాలు, ఏళ్ల తరబడి ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాలు నీళ్లపాలయినవి. ఒక్క తుపానులో ఏడాది కష్టం పోగొట్టుకున్న మన కోనసీమ రైతుకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. ఆయన చేతులు ముడుచుకొని కూర్చోలేదు. మొదటినుంచి మళ్లీ ఏరుకున్నాడు, మళ్లీ బొమ్మలు వేయించినాడు. 1790 నాటికి ఆ బొమ్మలు ఏడువందల దాకా అయినవట. వాటిలో కొన్నింటిని ఎంచి 1795 మొదలుకొని లండనులో కోరమాండలు తీరపు మొక్కల గ్రంథముగా అచ్చువేసినారు. మన పొలం గట్ల మీద మాఘ ఫాల్గుణాలలో ఆకంతా రాల్చి ఎర్రగా మండినట్లు పూచే మోదుగ ఆ మొదటి సంపుటములోనే ఉన్నది. ఆ బొమ్మలు గీసినది ఈ దేశపు చిత్రకారులే. దొర పేరు అట్ట మీదికి ఎక్కినది గాని వారి పేర్లు ఎక్కలేదు. ఇది నాకు ఎప్పుడూ వెలితిగానే తోస్తుంది.

1791, 92 ప్రాంతాల కరువును ఆయన కళ్లారా చూసినాడు. వాన తప్పినా నిలిచే కొబ్బరి, తాటి, పనస, అరటి వంటివి విరివిగా నాటాలని పైవారికి వ్రాసినాడు. 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్లిపోయినాడు.

మరి పూలమొక్కల మాట ఏమంటారా? అక్కడికే వస్తున్నాను. మన పూలలో అసలు మనవెన్ని? మల్లె, మోదుగ, కనకాంబరం మన దేశపువే. బంతి సంగతి చూడండి. సంక్రాంతి గొబ్బెమ్మ మీద బంతిపువ్వు లేకపోతే పండుగే కాదంటాము. ఆ బంతి పుట్టిల్లు మెక్సికో దేశము. గుడి ఆవరణలో ఉండే దేవగన్నేరు అమెరికా ఖండము నుంచి వచ్చినది. కాగితపు పూల తీగను ఫ్రెంచి ఓడవారు 1767లో బ్రెజిలు తీరాన చూసి, తమ నాయకుడైన బూగన్విల్ పేరు పెట్టినారు. చేమంతిని చీనావారు పెంచి పెద్దచేసినారు. మన పెరటిలో రెండు మూడు తరాలు నీరు త్రాగిన తరువాత ఇక వాటిని పరాయివి అనేదెవరు?

1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తి అయినది. కాటన్ దొర కాలువలతో డెల్టా అంతా వరి అయింది. కానీ వరి కాలువకు ఒక ధర్మమున్నది. దాళ్వా కోతల నాటికి మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. అనగా సరిగ్గా పూలకాలంలో, ఎండ ముదిరే వేళకు, కాలువలో నీరు ఉండదు. లంక భూములకు వచ్చిన మేలు ఇక్కడే తెలుస్తుంది. గోదావరి వరద తెచ్చి పోసిన ఒండ్రు, దాని క్రింద ఇసుక, ఆ ఇసుకలో అందేంత లోతున తియ్యని నీరు. ఫిల్టరు పాయింటు దింపితే ఏడాది పొడుగునా మొక్కకు దాహం తీరుతుంది. ప్రక్కనే మద్రాసు కలకత్తా రైలుమార్గము, పెద్ద రోడ్డు. కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వేమగిరి, కడియపుసావరం, వీరవరం, ఈ ఊళ్లన్నీ మొక్కల ఊళ్లు కావడములో మంత్రమేమీ లేదు. మట్టి, నీరు, దారి, వీటికి తోడు అంటు కట్టే చేయి. ఆ చేయి తండ్రి దగ్గర కొడుకు, అత్త దగ్గర కోడలు నేర్చుకున్నది. కొమ్మకు బెరడు తీసి, నాచు చుట్టి, గుడ్డ కట్టే ఆడకూలీ వేళ్లను ఒకసారి గమనించండి. పరీక్ష ప్యాసయిన వారికి కూడా అంత తేలికగా రాదు.

నీరు ఇచ్చిన గోదావరే ముంచుతుంది కూడాను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద పోయినది. అంత వరద తరువాత మడి వేసేవానికి మిగిలేది ఎక్కడో మెరక మీద బ్రతికిన తల్లిమొక్క. దాని నుంచి కొమ్మ కోసుకోవాలి, రాక్సుబర్గు మళ్లీ ఏరుకున్నట్లే.

ఇక ఋతువు పొడుగునా పూలు చూడాలనే వారికి నాలుగు మాటలు. చైత్ర వైశాఖాలలో గుప్పుమనే మల్లె పని చలికాలంలోనే జరుగుతుంది. కార్తీకం వెళ్లినాక నీరు ఆపాలి. మొక్కను ఎండబెట్టటానికి మనసొప్పదు, అయినా ఆపాలి. కొందరు రైతులు అప్పుడు గొర్రెలను తోలి ఆకు మేపిస్తారు. పుష్యంలో మోకాలెత్తుకు కత్తిరించి, చివికిన పశువుల ఎరువు వేసి, అప్పుడు తడి ఇవ్వండి. మల్లె మొగ్గ కొత్త చిగురు మీదనే వస్తుంది గనుక పాత కొమ్మను ముద్దు చేస్తే ఆకే గాని పువ్వు ఉండదు. మల్లె తగ్గేసరికి తొలకరికి జాజి అందుకుంటుంది. రాత్రి పొడుగైతే గాని చేమంతి మొగ్గ తొడగదు, కనుక దాని వైభవం కార్తీకం నుంచి. ఆపైన సంక్రాంతికి బంతి. మోదుగకు మీరు చేయవలసినది ఒక్కటే. గట్టు మీద ఉన్న చెట్టును కొట్టకండి.

2020లో ఉగాది మార్చి 25న వచ్చినది. దేశమంతా కరోనా లాక్‌డౌను మొదలైన రోజూ అదే. పెళ్లిళ్లు ఆగినవి, గుళ్లు మూసినారు, కడియపులంక పూల బజారుకు కొనేవారు రాలేదు. ఆ వసంతంలో పూలేమీ తక్కువ పూయలేదు. కోస్తే కూలి దండుగ, కోయకపోతే చెట్టుకు బరువు. మడులలో కవర్ల మొక్కలది ఇంకొక తంటా. అమ్ముడుపోని మొక్క ఊరికే నిలబడి ఉండదు, వేరు కవరును చీల్చుకొని నేలలోకి దిగుతుంది. దానిని లేపి, వేరు కత్తిరించి, పెద్ద కవరులోకి మార్చాలి. రాబడి లేకున్నా రోజూ నీరు పెట్టాల్సిందే. వరి బస్తాను గాదెలో దాచవచ్చు గాని మొగ్గను దాచలేము గదా! విస్తరణ పనిలో ఉన్నవారు పూలరైతు నష్టాన్ని వరి లెక్కతో కొలవకూడదని నేననేది ఇందుకే.

ఈ చైత్రంలో మీరు కడియం వైపు వెళితే, నిండా పూసిన కుండీని చూసి మురిసిపోయి కొనవద్దు. మొగ్గలు కట్టి, క్రింది నుంచి కొత్త చిగుళ్లు వేస్తున్న మొక్కను అడగండి. ఇంటికి తెచ్చిన రోజే మార్చి నాటకుండా వారం రోజులు చూరు నీడన ఉంచండి. తరువాత సాయంకాలం పూట, వేరు చుట్టూ మట్టిగడ్డ చెదరకుండా కవరును బ్లేడుతో కోసి తీసి, గోతిలో దింపి నీరు పోయండి.