అరవై మీటర్లు ఉన్నదా?

మొన్నటి సమావేశానికి ఒక పెద్దాయన తమ నాన్నగారి రేడియో లైసెన్సు పుస్తకం తెచ్చారు. ‘రేడియో వినడానికి లైసెన్సా?’ అని పిల్లలు నవ్వారు. అవును, ఒకప్పుడు సెట్టు కొంటే పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని ఏటా రుసుము కట్టాలి. 1980ల మధ్యలో అది రద్దయింది. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను.

మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి షోలాపూర్ వచ్చిన మన తాతలకు ఊరి మాట చెవిన పడే దారి రేడియో. హైదరాబాదులో 1935లో మొదలైన దక్కన్ రేడియో తర్వాత ఆకాశవాణిలో కలిసింది. కానీ అక్కడి మీడియం వేవ్ పగటిపూట మూడు వందల కిలోమీటర్లు దాటి వచ్చేసరికి నీరసపడేది. షార్ట్‌వేవ్ అలా కాదు. పైనున్న అయనావరణానికి తగిలి తిరిగి నేలకు దిగుతుంది. ఎక్కువ పౌనఃపున్యాలు పగలు, తక్కువవి రాత్రి బాగా అందుతాయి. హైదరాబాదు కేంద్రం ఎన్నో ఏళ్ళు 4800 కిలోహెర్ట్జ్‌పై, అంటే 60 మీటర్ల బ్యాండులో వినిపించింది.

అసలు చిక్కు ఇక్కడే. చాలా చిన్న ట్రాన్సిస్టర్లలో షార్ట్‌వేవ్ 6 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలయ్యేది. వాటిలో సిలోన్ వచ్చేది, హైదరాబాదు వచ్చేది కాదు. అందుకే మా నాన్న దుకాణంలో ధర కంటే ముందు, ‘అరవై మీటర్లు ఉన్నదా?’ అని అడిగేవాడు. రెండు షార్ట్‌వేవ్‌లున్న మూడు బ్యాండ్ల సెట్టుకు డబ్బు ఎక్కువైనా అదే కొన్నాడు.

వినడానికీ ఒక పద్ధతి ఉండేది. మగ్గం మోటార్లు నడుస్తుంటే సెట్టులో గరగర. అవి ఆగాక, సెల్లులు వేసి, కిటికీ దగ్గర పెట్టి, ఏరియల్‌కు రాగి తీగ చుట్టి బయటికి కట్టేవాళ్ళం. ఉరుములొస్తే ముందు ఆ తీగ తీసెయ్యాలి. షార్ట్‌వేవ్‌లో ముల్లు వెంట్రుకవాసి జరిగినా స్టేషన్ మారిపోతుంది, కాబట్టి నాబ్ ముట్టే హక్కు నాన్నదే. మీడియం వేవ్‌కైతే ఏరియల్‌తో పనిలేదు. లోపలి ఫెర్రైట్ కడ్డీ దిక్కుకు తగ్గట్టు సెట్టునే తిప్పాలి.

ఆకాశవాణి 1950లలో సినిమా పాటలు తగ్గించినప్పుడు జనం సిలోన్ వైపు మళ్ళారు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి వచ్చాక కూడా మన ఇళ్ళలో సిలోన్ తెలుగు పాటలు ఆగలేదు. మీనాక్షి పొన్నుదురై గొంతు వినిపిస్తే అమ్మ కండెలు చుట్టడం ఆపేసేది.

మేము బడిలో మరాఠీ చదివాం. వార్తల తెలుగు, నాటకాల తెలుగు మాకు నేర్పింది ఆ పెట్టే. మా పిల్లలకు ఆ పెట్టె లేదు, ఇంట్లో మేమూ సగం మరాఠీలోనే మాట్లాడుతున్నాం. తప్పు వాళ్ళది కాదు.

ఒక మనవి. అటక మీది పాత సెట్టును తూకానికి వెయ్యకండి. సెల్లులు ఉంటే తీసేయండి, కారి లోపలంతా తినేస్తాయి. లైసెన్సు పుస్తకం ఉంటే ఫోటో తీసి సంఘానికి ఇవ్వండి. అందులో తాత పేరు, పేట పేరు, కట్టిన సంవత్సరాలు ఉంటాయి. మనం ఇక్కడ ఎప్పటి నుంచి ఉన్నామని రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గరున్న కాగితాలు తక్కువ. అది వాటిలో ఒకటి.